అమెరికా మందుల షాపులో తగ్గింపు కార్డు: తగ్గేది ఏ ధర?

రెండేళ్ల కిందట మా నాన్నగారు విజిటర్ వీసా మీద డాలస్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, వెంట తెచ్చుకున్న కొలెస్ట్రాల్ మాత్రలు నాలుగో నెలలోనే అయిపోయాయి. గుంటూరు డాక్టరు రాసిచ్చిన చీటీ ఇక్కడ చెల్లదు కనుక దగ్గర్లోని క్లినిక్‌లో చూపించి, అటోర్వాస్టాటిన్ 90 మాత్రలకు చీటీ రాయించుకుని ఒక ఫార్మసీకి వెళ్లాము. విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది గాని, ముందునుంచీ ఉన్న జబ్బులకు అది సాధారణంగా వర్తించదు. ఇన్సూరెన్స్ లేకుండా అయితే ఎంత అని అడిగితే, కౌంటరులోని అమ్మాయి తెర చూసి రెండు వందల డాలర్లు దాటిన ధర చెప్పింది. పక్కన నిలబడిన నాన్నగారి పెదవులు కదులుతున్న తీరు చూస్తేనే ఆయన దానిని రూపాయల్లోకి మార్చుకుంటున్నారని తెలిసిపోయింది. నేను ఫోనులో ఉచితంగా దొరికే ఒక తగ్గింపు కార్డు తెరిచి చూపించాను. అందులోని నంబర్లు కొట్టిన తరువాత అవే 90 మాత్రలకు ఇరవై డాలర్లలోపు ధర వచ్చింది. రసీదు అడుగున మాకు ఎంత ఆదా అయిందో కూడా అచ్చువేసి ఇచ్చారు. బయటికి వచ్చాక నాన్నగారు ఆ రసీదు మడత విప్పి చూసి, "ఇరవైకి ఇవ్వగలిగినవాడు ముందు రెండు వందలు ఎందుకు చెప్పాడురా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే కార్డు ఎప్పుడు చూపించాలో, ఎప్పుడు చూపించకూడదో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఈ కార్డుల గురించి చెప్పేవారు సాధారణంగా ఏ యాప్ మంచిది, ఎంత శాతం తగ్గుతుంది అన్న దగ్గర మొదలుపెడతారు. ముందుగా చూడవలసింది ఆ రెండు వందల డాలర్ల ధరనే అని నా అభిప్రాయం.

మన దేశంలో మందుల స్ట్రిప్పు మీద ఎం.ఆర్.పి. అచ్చువేసి ఉంటుంది. షాపువాడు అంతకన్నా తగ్గించి ఇవ్వవచ్చు గాని పెంచి అమ్మకూడదు. అమెరికాలో ఫార్మసిస్టు పెద్ద సీసాలోంచి మాత్రలు లెక్కపెట్టి నారింజ రంగు ప్లాస్టిక్ డబ్బాలో పోసి, దాని మీద రోగి పేరు, డాక్టరు పేరు, మోతాదు, మిగిలిన రీఫిళ్లు (అదే చీటీ మీద మళ్లీ మందు తీసుకునే విడతలు) ఉన్న లేబుల్ అంటిస్తాడు. ఆ లేబుల్ మీద ఉండనిదల్లా అందరికీ ఒకటే అయిన ధర. ఒకే రోజు, ఒకే కౌంటరులో, ఒకే సీసాలోంచి తీసిన మాత్రలకు వరుసలో నిలబడిన నలుగురు నాలుగు ధరలు కడతారు. కొనేవాడి తరఫున ఎవరు బేరమాడారన్న దానిని బట్టి ధర పుడుతుంది.

ఆ బేరమాడే సంస్థను ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్ అంటారు, వాడుకలో పీబీఎం. ఇన్సూరెన్స్ కంపెనీకీ ఫార్మసీకీ నడుమ నిలబడి, ఏ మందు జాబితాలో ఉండాలి, రోగి తన వంతుగా ఎంత కోపే కట్టాలి, ఫార్మసీకి ఒక్కో మాత్రకు ఎంత చెల్లించాలి అన్నవి అది నిర్ణయిస్తుంది. మందుల కంపెనీల నుంచి రిబేట్లు, అంటే అమ్మకాల మీద వెనక్కి ఇచ్చే సొమ్ము, కూడా రాబడుతుంది. దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ అనే మూడు పీబీఎంల చేతుల మీదుగానే నడుస్తున్నాయని వ్యాపార పోటీని, వినియోగదారుల ప్రయోజనాలను చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలై నాటి నివేదికలో పేర్కొంది. వీటిలో మొదటిదానికి సొంత ఫార్మసీల గొలుసు ఉంది. రెండోది సిగ్నా ఇన్సూరెన్స్ సంస్థది, మూడోది యునైటెడ్‌హెల్త్‌ది. మిర్చి యార్డులో కొనేవాడు, అమ్మిపెట్టేవాడు, అప్పిచ్చేవాడు ఒకే కుటుంబం అయితే ధర ఎలా పలుకుతుందో గుంటూరు రైతుకు విడమరిచి చెప్పనక్కరలేదు.

పీబీఎం ఫార్మసీతో రాసుకునే ఒప్పందంలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. తాము ఒప్పుకున్న ధర, ఆ ఫార్మసీ మామూలు జనానికి నగదుపై అమ్మే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతే చెల్లిస్తామన్నది ఆ షరతు. ఆ నగదు ధరకు ఈ వ్యాపారంలో 'యూజువల్ అండ్ కస్టమరీ' అని పేరు. అంటే మామూలుగా, ఆనవాయితీగా తీసుకునే ధర. పేరు అలా ఉంది గాని, ఆ ధర కట్టేవారు చాలా అరుదు. ఇప్పుడు ఫార్మసీ యజమాని స్థానంలో ఉండి ఆలోచించండి. వందల కొద్దీ మందులకు ఏ పీబీఎం ఈ వారం ఎంత ఇస్తుందో ముందుగా తెలియదు. నగదు ధర తక్కువగా పెట్టుకుంటే, ఇన్సూరెన్స్ మీద వచ్చే అందరి దగ్గరా వచ్చే డబ్బు ఆ తక్కువ ధర దగ్గరే ఆగిపోతుంది. బాగా ఎక్కువగా పెట్టుకుంటే, ఏ పీబీఎం ఎంత ఇవ్వడానికి ఒప్పుకున్నా అది పూర్తిగా చేతికి వస్తుంది. అందువల్ల ఫార్మసీలు, ముఖ్యంగా పెద్ద గొలుసు దుకాణాలు, నగదు ధరను ఆకాశంలో ఉంచుతాయి. ఆషాఢం సేల్‌లో తగ్గించి చూపడానికే ధర పెంచే బట్టల వ్యాపారం మనకు కొత్త కాదు. ఇక్కడ ధర పెరగడానికి కొనేవాడిని ఆకర్షించాలన్న ఆలోచనతో సంబంధం లేదు. అది పీబీఎంతో సాగే బేరంలో ఒక ఎత్తుగడ. ఇన్సూరెన్స్ లేనివాడు ఆ ఎత్తుగడకు అడ్డంగా వచ్చి పడతాడు. నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇదే: ఆ రెండు వందలు ఆయన కోసం పెట్టిన ధర కాదు.

తగ్గింపు కార్డు చేసే పని ఒక్కటే. ఏ పీబీఎం ఒప్పందం నీడా లేని మనిషిని, ఆ ఒక్క కొనుగోలు వరకు, ఏదో ఒక పీబీఎం ఒప్పందం నీడలోకి తీసుకొస్తుంది. కార్డును దగ్గరగా చూస్తే దాని మీద బిన్, పీసీఎన్, గ్రూప్, మెంబర్ ఐడీ అనే నాలుగు వరుసలు ఉంటాయి. ఇన్సూరెన్స్ కార్డు మీద ఉండేవీ ఇవే. బిన్ అనేది ఈ క్లెయిమును ఏ సంస్థ కంప్యూటరుకు పంపాలో చెప్పే ఆరంకెల నంబరు. మిగిలినవి ఆ సంస్థలో ఏ పథకం కింద లెక్క కట్టాలో చెబుతాయి. ఫార్మసీలో ఆ నంబర్లు కొట్టగానే క్లెయిము పీబీఎంకు వెళ్లి కొన్ని క్షణాల్లో జవాబు వస్తుంది: ఇంత ధర, ఇందులో మా వాటా సున్నా, మొత్తం రోగి దగ్గర వసూలు చేయండి. అంటే ఇన్సూరెన్స్‌కు ఉన్న యంత్రాంగమంతా ఉంది, డబ్బు కట్టే ఇన్సూరెన్స్ మాత్రం లేదు. కార్డు మీద చిన్న అక్షరాల్లో 'ఇది బీమా కాదు' అని రాసి ఉండేది ఇందుకే.

మరి ఉచితంగా ఇచ్చే కార్డుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రతి కొనుగోలు మీదా ఫార్మసీ కొంత రుసుము పీబీఎంకు ఎదురు కట్టుకుంటుంది. ఆ రుసుములో కార్డు సంస్థకు వాటా అందుతుంది. 2011లో మొదలైన గుడ్ఆర్ఎక్స్ గాని, సింగిల్‌కేర్ వంటి తరువాతి పేర్లు గాని, ప్రధానంగా ఈ వాటా మీదే నిలబడ్డాయి. వీరు మందులు అమ్మరు, నిల్వ చేయరు; ఒప్పంద ధరలను జనానికి కనిపించేలా పెట్టి, ఆ ధరల వైపు ఖాతాదారులను మళ్లిస్తారు. ఫార్మసీ వైపు నుంచి చూస్తే కార్డు వెంట కొత్త మనిషి వస్తాడు. షాపులో తిరిగి ఇంకేమైనా కొనవచ్చు. అయితే కొన్ని మందుల మీద కార్డు ధర నుంచి రుసుము పోగా మిగిలేది మందు కొన్న ఖరీదుకు కూడా సరిపోదు. చిన్న సొంత ఫార్మసీలు కొన్ని ఈ కార్డులను తీసుకోకపోవడం మొండితనం కాదు. పెద్దవారికీ ఈ లెక్క భారమే. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ కొన్ని పీబీఎంల తగ్గింపు ధరలను అంగీకరించడం ఆపేసిందని 2022 మేలో గుడ్ఆర్ఎక్స్ వెల్లడించిన వెంటనే ఆ కంపెనీ షేరు ధర కూలిపోయింది.

ఈ యంత్రాంగం తెలిస్తే, వాడేవారిని తికమక పెట్టే సంగతులు చాలావరకు విడిపోతాయి. ఒకే కార్డుకు వీధికి ఈ పక్కన ఒక ధర, ఆ పక్కన మరొక ధర ఎందుకంటే ఒక్కో ఫార్మసీతో ఒక్కో ఒప్పందం ఉంది కనుక. ఒకే ఫార్మసీలో రెండు కార్డులకు రెండు ధరలు ఎందుకంటే వాటి వెనక ఉన్న పీబీఎంలు వేరు కనుక. పోయిన నెల ధర ఈ నెల లేకపోవడానికి కారణం పీబీఎంలు తమ జాబితాలను తరచూ మార్చుకోవడం. పది, ముప్పై, తొంభై మాత్రలకు ధర అదే నిష్పత్తిలో పెరగాలని కూడా లేదు. తొంభైకి రాయించుకుంటే ఒక్కో మాత్ర బాగా చవకగా పడే సందర్భాలు ఎక్కువ. అందుకే డాక్టరు దగ్గర ఉండగానే ధర చూసుకుని, చీటీ ఏ ఫార్మసీకి పంపాలో చెప్పడం మేలు. ఒకసారి కంప్యూటరులో పంపించిన చీటీని మరో చోటికి మార్చడం విసుగు పుట్టించే పని.

కార్డు బలమంతా జెనరిక్ మందుల దగ్గరే, అంటే పేటెంటు గడువు తీరాక పలు కంపెనీలు తయారు చేసే మందుల దగ్గరే. బి.పి., షుగర్, థైరాయిడ్, కొలెస్ట్రాల్ మాత్రలు, మామూలు యాంటీబయాటిక్స్ తయారు చేసే కంపెనీలు అనేకం కాబట్టి ఫార్మసీ వాటిని కొనే ధర చాలా తక్కువ, కనుక తగ్గించడానికి చోటుంది. నాన్నగారి డబ్బా లేబుల్ మీద తయారీదారు స్థానంలో హైదరాబాద్ కంపెనీ పేరు ఉంది. అమెరికాలో అమ్ముడయ్యే జెనరిక్ మందుల్లో మనవాళ్లకు పెద్ద వాటాయే ఉంది. అరబిందో, డాక్టర్ రెడ్డీస్ వంటి పేర్లు ఇక్కడి ఫార్మసీ అరల్లో నిత్యం కనిపిస్తాయి. పేటెంటు ఇంకా ఉన్న బ్రాండు మందు సంగతి వేరు. ఫార్మసీ కొనే ధరే వందల డాలర్లు ఉన్నప్పుడు ఒప్పందం ఏదైనా తగ్గేది కొద్దిపాటే.

బ్రాండు మందులకు మందుల కంపెనీలే ఇచ్చే కోపే కార్డులు వేరే జాతి. పేరు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. కోపే కార్డు ప్రైవేటు ఇన్సూరెన్స్‌తో కలిసి పనిచేస్తుంది: ఇన్సూరెన్స్ తన వాటా కట్టిన తరువాత రోగి కట్టవలసిన దానిలో కొంత మందుల కంపెనీ భరిస్తుంది. ఇది పైకి దయగా కనిపించినా, రోగిని చవక మందు వైపు పోకుండా ఖరీదైన బ్రాండు దగ్గరే నిలిపి ఉంచే పెట్టుబడి కూడా. మెడికేర్ (ప్రధానంగా వయసు మళ్లినవారికి), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి) వంటి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాల్లో ఉన్నవారికి ఇవి చెల్లవు. ప్రభుత్వం డబ్బు కట్టే మందు మీద ఇలాంటి ప్రోత్సాహకాలను ఫెడరల్ చట్టం లంచంగా చూస్తుంది. మామూలు తగ్గింపు కార్డును మాత్రం మెడికేర్‌లో ఉన్నవారు కూడా, ఆ కొనుగోలుకు మెడికేర్‌ను పక్కన పెట్టి, వాడుకోవచ్చు. నిజానికి మెడికేర్‌లో ఈ కార్డులకు పాత చరిత్ర ఉంది. 2006లో పార్ట్ డి మందుల పథకం మొదలయ్యే దాకా జరుగుబాటు కోసం, 2004 జూన్ నుంచి ప్రభుత్వ ఆమోదంతో ప్రైవేటు సంస్థలు తగ్గింపు కార్డులు ఇచ్చాయి. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఏటా 600 డాలర్ల సాయం కూడా వాటికి జోడించారు.

ఇన్సూరెన్స్ ఉన్నవారికి కార్డు అవసరమా అన్నది అసలైన చిక్కు. కోపే పది డాలర్లని నిర్ణయించి ఉంటే, మందు మొత్తం ధర నాలుగు డాలర్లే అయినా పది కట్టించుకుని, తేడాను పీబీఎం వెనక్కి తీసుకోవడం ఇక్కడ చాలాకాలం సాగింది. 2013 నాటి క్లెయిములను పరిశీలించిన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, 23 శాతం సందర్భాల్లో రోగి కోపే మందు ఖర్చును మించిందని 2018లో తేల్చారు. బయట కొంటే చవక అని ఫార్మసిస్టు రోగికి చెప్పకూడదన్న నిబంధనలు కూడా కొన్ని ఒప్పందాల్లో ఉండేవి. అలా నోరు కట్టేయడాన్ని 2018 అక్టోబరులో రెండు ఫెడరల్ చట్టాలతో నిషేధించారు. ఇప్పుడు ఫార్మసిస్టు చెప్పవచ్చు. అయితే అడగనిదే చెప్పాలన్న నియమం లేదు. కనుక ఇన్సూరెన్స్‌తో ఎంత, అది లేకుండా ఎంత అని అడగడం మన పనే. ఒకే కొనుగోలుకు ఇన్సూరెన్స్‌నూ కార్డునూ మనంతట మనం కలిపి వాడటం కుదరదు.

ఇక్కడే డిడక్టిబుల్ లెక్క అడ్డొస్తుంది. ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు ఏటా మనమే భరించవలసిన మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు. మన ఐ.టి. ఉద్యోగుల్లో చాలామంది తీసుకునే పథకాల్లో మొదట కొన్ని వేల డాలర్ల దాకా ఖర్చు మనదే. లెక్క కోసం డిడక్టిబుల్ 3,000 డాలర్లనీ, అది దాటాక ఖర్చు లేదనీ, ఒక మందుకు ఇన్సూరెన్స్ ధర నెలకు 40, కార్డు ధర 15 అనీ అనుకుందాం. ఆ ఏడాది ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండి డిడక్టిబుల్ దరిదాపులకు కూడా వెళ్లకపోతే, కార్డు వల్ల ఏడాదికి 300 డాలర్లు మిగులుతాయి. అదే ఏడాది ఇంట్లో పురుడు ఉందనుకోండి. ఆసుపత్రి బిల్లుతో ఎలాగూ 3,000 కట్టక తప్పదు. ఇన్సూరెన్స్ మీద మందు కొని ఉంటే ఆ నలభైలు కూడా ఆ మూడు వేలలోనే కలిసిపోయేవి. కార్డుతో కొన్న 180 డాలర్లు సాధారణంగా డిడక్టిబుల్‌కు లెక్కకు రావు కనుక అవి మూడు వేల పైన అదనపు ఖర్చు. చవకగా కొన్నామనుకుంటూనే ఎక్కువ కట్టినట్టు. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు రసీదు పంపిస్తే లెక్కలోకి తీసుకుంటాయి. 2023 నుంచి కొన్ని పెద్ద పీబీఎంలు గుడ్ఆర్ఎక్స్‌తో కుదుర్చుకున్న ఏర్పాట్లలో, తక్కువ ధర దానంతట అదే వర్తించి డిడక్టిబుల్‌కూ లెక్కకు వస్తుంది. మీ పథకం అందులో ఉందో లేదో కంపెనీ హెచ్.ఆర్. వారినో, ఇన్సూరెన్స్ వారినో అడిగి తెలుసుకోవాలి. వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెచ్.ఎస్.ఏ. ఖాతా ఉన్నవారు కార్డు ధరను కూడా ఆ ఖాతా నుంచి కట్టవచ్చు. దానికి అభ్యంతరం లేదు.

కార్డుతో పనే లేని దారులు కొన్ని ఉన్నాయి, అవి ఎక్కువమందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యం. వాల్‌మార్ట్ 2006లో ఫ్లోరిడాలోని టాంపా ప్రాంతంలో మొదలుపెట్టిన నాలుగు డాలర్ల జెనరిక్ జాబితా ఇప్పటికీ ఉంది. జాబితాలోని చాలా మందులు నెలకు 4, మూడు నెలలకు 10 డాలర్లు. సభ్యులకే సరుకులు అమ్మే కాస్ట్‌కో దుకాణాల్లో సభ్యత్వం లేకపోయినా ప్రిస్క్రిప్షన్ మందులు కొనవచ్చు. అమెరికా వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ 2022 జనవరిలో తెరిచిన కాస్ట్ ప్లస్ డ్రగ్స్ అనే ఆన్‌లైన్ ఫార్మసీ అయితే లెక్కను విప్పి ముందే చూపిస్తుంది: మందు కొన్న ఖరీదు, దాని మీద 15 శాతం లాభం, ఫార్మసిస్టు పనికి 5 డాలర్లు, పంపడానికి 5 డాలర్లు. నాన్నగారికి బాగా నచ్చేది ఈ పద్ధతే. వ్యాపారి లాభం ఎంతో తెలిసిన తరువాత ఆయన బేరమాడరు.

ఉచిత కార్డు పుచ్చుకుని మనం ఇచ్చేది కూడా ఒకటుంది. ఏ మందు వెతికామో దానిని బట్టి ఏ జబ్బు ఉందో ఇట్టే చెప్పవచ్చు. వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ వంటి ప్రకటనల సంస్థలకు అనుమతి లేకుండా చేరవేసిందన్న అభియోగంపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 ఫిబ్రవరిలో గుడ్ఆర్ఎక్స్‌పై చర్య తీసుకుంది. తప్పు ఒప్పుకోకుండానే ఆ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. డాక్టరుకూ ఆసుపత్రికీ వర్తించే వైద్య గోప్యత చట్టం ఇలాంటి యాప్‌లకు చాలావరకు వర్తించదన్న సంగతి ఆ కేసుతో ఎక్కువమందికి తెలిసింది. ఖాతా తెరవకుండా, ధర చూసి, కార్డు నంబర్లు మాత్రం ఫార్మసీకి ఇచ్చినా పని జరుగుతుంది. నేను అంతవరకే చేస్తాను. రెండు డాలర్ల కోసం ఒక్కో మందు ఒక్కో ఫార్మసీలో కొనడంలో మరో ప్రమాదం ఉంది. ఒకదానితో ఒకటి పడని మందులను పట్టుకునేది ఫార్మసీ కంప్యూటరు. మిగతా మందుల సంగతి దానికి తెలియకపోతే అది హెచ్చరించలేదు. నాలుగైదు రకాల మాత్రలు వేసుకునే పెద్దవారి విషయంలో ఒకే ఫార్మసీని పట్టుకుని ఉండటానికి నేను కొంచెం ఎక్కువ కట్టడానికైనా ఒప్పుకుంటాను.

ఇంత తెలిసిన నేనూ ఈమధ్య ఒకసారి మోసపోయాను, అదీ నా సొంత బి.పి. మాత్రల దగ్గర. డిడక్టిబుల్ ఇంకా దాటని రోజుల్లో, జనవరిలో, ఒక కార్డు చూపించి కొన్నాను. ఫార్మసీవారు ఆ కార్డును నా ఫైలులో పెట్టేశారు. శరదృతువు వచ్చేసరికి ఇంట్లో ఒక చిన్న ఆపరేషన్‌తో డిడక్టిబుల్ దాటిపోయింది, అయినా రీఫిల్ వచ్చిన ప్రతిసారీ ఆ కార్డు మీదే బిల్లు పడుతూ వచ్చింది. నేనూ చూసుకోకుండా పద్నాలుగు డాలర్లు కడుతూ వచ్చాను. అక్టోబరులో అడిగితే కౌంటరులోని కుర్రాడు ఆ క్లెయిము వెనక్కి తీసి ఇన్సూరెన్స్ మీద మళ్లీ వేశాడు. కట్టవలసింది సున్నా అని వచ్చింది. దానికి పట్టింది నాలుగు నిమిషాలు. సెప్టెంబరు డబ్బులు తిరిగి వస్తాయా అని అడిగాను, గడువు దాటిపోయిందన్నాడు.